ఎర్ర రిబ్బను పిన్ను

మా ఆయన ఎయిర్‌ఫోర్సులో యుద్ధవిమానాల దగ్గర పనిచేశాడు. నడిపే పని కాదు. విమానాన్ని సిద్ధం చేసి, పైలట్‌ను సీట్లో కూర్చోబెట్టి బెల్టులు కట్టే పని. బంగ్లాదేశ్ యుద్ధంలో అట్లా కట్టి పంపిన ఒక కుర్ర ఆఫీసరు తిరిగి రాలేదు. పెళ్లయ్యాక నేనెప్పుడు అడిగినా, "నా చేతులతోటే కట్టి పంపిన" అని లేచి బయటికి పోయేవాడు.

ఆయన ట్రంకు పెట్టెలో ఎర్ర రిబ్బను కట్టిన ఇనుప పిన్ను ఉండేది. తిరిగిరాని ఆ విమానం సీటుదే అన్నాడు ఒకసారి. ప్రమాదమైతే పైలట్‌ను పైకి విసిరే సీటట. మరి సీటుకు ఉండాల్సిన పిన్ను మా ఇంట్లో ఎందుకుంది? పెట్టడం మరిచాడేమో, అందుకే ఆ పిల్లవాడు బయటపడలేదేమో. ఆ మాట ఆయన్ను అడగలేకపోయాను. ఆయన పోయాక ఎవరితోనూ అనలేదు.

మొన్న ఒక రిటైరైన ఆఫీసరు ఫోన్ చేసి, మా ఆయన పనిచేసిన విమానదళం, ఆ స్క్వాడ్రన్ యుద్ధకథ, వాళ్ల ఎయిర్‌ఫీల్డు కథ పుస్తకంగా రాస్తున్నాను, వచ్చి మాట్లాడతానన్నాడు. ఆయన తప్పు పుస్తకంలో పడితే ఇంక చెరిగేదా?

ఎల్బీ నగర్ మెట్రో దిగి, ఆటోలో సరూర్‌నగర్‌లోని మా ఇంటికి వచ్చాడు. పిన్నును అప్పటికే బియ్యం డబ్బాలో దాచాను. చాయ్ ఇచ్చాను. యుద్ధంలో విమానాల పక్కనే గుంతలు తవ్వుకుని పడుకునేవాళ్లట కదా అని అడిగితే, తెలిసింది చెప్పాను.

"ఆ రోజు ఆ విమానం దగ్గర ఉన్నది మీ ఆయనే కదమ్మా?" అన్నాడు.

"ఆయన తప్పేం లేదు సారు."

"తప్పని ఎవరన్నారు?"

ఇంక దాచడం చేతకాలేదు. పోయి పిన్ను తెచ్చాను. "గిదే సారు. పెట్టుడు మర్చిపోయిండు."

ఆఫీసరు దానికంటిన బియ్యప్పిండి తుడిచి, రిబ్బను సాపు చేశాడు.

"పెట్టడం కాదమ్మా, తీయడం. విమానం నేల మీదున్నంతసేపూ ఇది సీటుకే ఉంటుంది, పొరపాటున సీటు పేలి పైకి ఎగరకుండా. బయల్దేరేముందు తీసి, పైలట్‌కి ఎత్తి చూపించాలి. అతను చూసి తలూపాకే విమానం కదిలేది. దిగాక మళ్లీ పెట్టాలని మీ ఆయన చేతిలో ఉంచుకున్నారు. అది దిగలేదు."

"అయితే ఆ పిల్లగాడు ఎందుకు బయటపడలె?"

"తెలీదమ్మా. చూసినవాళ్లు లేరు."

నేను ఆయనకెదురుగా కూర్చున్నాను.

"గట్లనే రాస్తరా?"

"అలాగే రాస్తాను."

"ఏ భాషల?"

"ఇంగ్లీషులో." చాయ్ గ్లాసు కింద పెట్టి, మెల్లగా అడిగాడు. "ఈ పిన్ను మాకిస్తారా? స్క్వాడ్రన్‌లో అద్దాల బీరువాలో పెడతాం."

చెయ్యి చాచి పిన్ను తీసుకున్నాను. కొంగున ముడేసుకున్నాను.

"ముందు పుస్తకం పట్టుకొని రా సారు. పక్కింటామెతోటి చదివిపిచ్చుకుంట. పిన్ను తీసిండని అండ్ల ఉంటే, అప్పుడిస్త."