నేను పిలిపించిన సాక్షి

నాకు మర్చిపోవడం చేతకాదు. ఎవరైనా ఒక మాట అంటే దాన్ని ఏళ్ల తరబడి కడుపులో పెట్టుకుని, తిరిగి అప్పజెప్పే రోజు కోసం కాచుకుని ఉంటాను. ఎనభైల మొదట్లో అమెరికాలో, టెక్సస్ రాష్ట్రపు ఇర్వింగ్‌లో ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసేటప్పుడు, అలా కాచుకున్నది మా సూపర్‌వైజర్ కోసం.

ఆఫీసులో దేశదేశాల భోజనాలు పెట్టింది ఆవిడ. ఎవరి వంటకం వాళ్లు తెచ్చి, ఎవరి వేషంలో వాళ్లు నిలబడి, తమ గురించి రెండు ముక్కలు చెప్పాలి. చీరలో వస్తానన్నాను. మాది గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం, బొట్టు పెట్టుకోను. "బొట్టు లేకపోతే ఇండియన్ అని ఎలా తెలుస్తుంది?" అంది.

నా పక్క సీటు స్నేహితురాలు న్యూజిలాండ్ నుంచి వచ్చిన మావోరీ, అంటే అక్కడి మూలవాసుల మనిషి. జీన్స్, కౌబాయ్ బూట్లు, గిటార్ మీద కంట్రీ పాటలు. వాళ్ల నాన్న కూడా అవే పాడేవాడట. తనూ ఒకటి పాడతానంటే, సూపర్‌వైజర్ లైబ్రరీ పుస్తకం తెరిచి నాలుక చాపిన యోధుడి బొమ్మ చూపించింది. "మావోరీ అంటే ఇది. నీలో ఇదేమీ లేదు," అని జాబితాలో పేరు కొట్టేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. నా స్నేహితురాలు మాత్రం నవ్వేసింది. "పోనీలే, మావాళ్ల దగ్గరే ఇంతకన్నా ఘోరమైన మాటలు విన్నాను," అంది. ఆ మాట నేను చెవిన పెట్టలేదు.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. "ఆమే ఊరుకుంటే నీకెందుకే అంత కోపం?" అన్నాడు. కానీ తను పనిచేసే ఎయిర్‌పోర్ట్ షెడ్‌లో ఒక మావోరీ మెకానిక్ ఉన్నాడని, పల్లెలో అమ్మమ్మ దగ్గర సొంత భాషలోనే పెరిగాడని నోరు జారాడు. అతన్ని భోజనాలకి పిలిపించాను. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి అందరి ముందూ ఆవిడ పరువు తీయాలి. స్నేహితురాలికి ముందుగా చెప్పలేదు.

అతను ఇస్త్రీ చొక్కా, టైతో వచ్చాడు. ఇతనూ మావోరీయేనని సూపర్‌వైజర్‌కి పరిచయం చేశాను. సూపర్‌వైజర్ మొహం వాడిపోవడం చూసి నా కడుపు నిండింది. నా స్నేహితురాలు కనపడగానే అతను సంబరంగా వాళ్ల భాషలో పలకరించాడు. ఆమెకి ఆ భాష అర్థం కాలేదు. ఈసారి ఇంగ్లీషులో, మెల్లగా అడిగాడు.

"మీది ఏ కొండ? ఏ నది?"

వాళ్లలో తామెవరో చెప్పుకునేది అలాగేనట.

"నాకు తెలియదు. మా వాళ్లు సిటీకి వచ్చేశారు. నాకెవరూ చెప్పలేదు," అంది.

"నేను అనలేదా?" అంది సూపర్‌వైజర్, గదంతా వినపడేలా. అతను చటుక్కున, "ఆమె కూడా నా అంత మావోరీయే. ఇలా పెరిగినవాళ్లు మాలో చాలామంది," అన్నాడు. అప్పటికే ఆమె బ్యాగు తీసుకుని బయటికి నడిచింది.

పార్కింగ్‌లో పట్టుకున్నాను. "నీ కోసమే చేశాను," అన్నాను.

"ఆవిణ్ణి కొట్టడానికి నన్ను కర్రలా వాడుకున్నావు. ఆ ప్రశ్న ఇంకెవరూ అడగకూడదనే ఇంత దూరం వచ్చాను," అంది.

తర్వాత సీటు మార్పించుకుంది. సారీ చెప్పాను, ఉత్తరం రాశాను, కేకు చేసి పట్టుకెళ్లాను. ఆమె నన్ను క్షమించలేదు. ఆమె చోట నేనున్నా క్షమించేదాన్ని కాదు.