మామ చెక్కిన వీరుడి ముఖం

సాగర్ ఆనకట్ట వస్తుందని, మా ఊరు మునుగుతుందని తెలిసేనాటికి నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఎంతో కాలం కాలేదు. కృష్ణ ఒడ్డున రాళ్లు కొట్టుకుని బతికే ఇళ్లు మావి. ఊరి బయట నాలుగు స్తంభాల చిన్న మండపం, అందులో ఒక వీరుడి శిల ఉండేవి. గుర్రం మీద మనిషి, చేతిలో కత్తి, కింద ఏవో అక్షరాలు. ముఖం అరిగి నున్నగా అయిపోయింది. దాన్ని చెక్కింది తన తాతల తాతలేనని మా మామ నమ్మకం. ఇల్లు పోతుందన్నప్పుడు ఆయన అంతగా కుంగలేదు. మండపం నీళ్లపాలవుతుందంటే మాత్రం ముద్ద దిగేది కాదు.

లోయలోని పాత కట్టడాలను సర్కారు వాళ్లు విప్పి, రాయి రాయికీ గుర్తు వేసి పైకి చేరుస్తున్నారు. మా మండపం కూడా పాతదేనని వాళ్ల ఆఫీసరు ఒప్పుకుంటే చాలు. మామ కరణం చుట్టూ తిరిగి అర్జీ పెట్టించాడు. చివరికి ఆఫీసరు వస్తున్నాడని కబురు వచ్చింది.

ఆ పూటే మామ ఉలి, సుత్తి తీశాడు.

"మొఖం లేని మనిషిని దొరకు ఎట్టా చూపిచ్చేది? తిరగలి అరిగితే గంట్లు పెట్టుకోమా?"

అరిగిన రాయి కనబడితే ఉలితో మళ్లీ గాట్లు కొట్టడం, మా ఇళ్లలో చేసే పని అదే. ఎవరికీ తప్పనిపించలేదు.

"నీ ముక్కు మాత్రం పెట్టమాక, గుర్రం బెదురుద్ది," అంది అత్త.

కళ్లు, మీసం, కత్తి అంచు అన్నీ తేల్చాడు. అక్షరాలూ లోతు చేశాడు. ఆయనకు చదువు రాదు, అప్పటికి నాకూ రాదు. గీత ఎటు పోయినట్టు తోస్తే ఉలి అటు పోయింది. నేను నీళ్లు పోసి దుమ్ము కడిగాను.

ఆఫీసరు శిల ముందు గొంతుక్కూర్చుని అక్షరాల గాడిలో వేలు పెట్టి చూశాడు.

"ఇదెవరు చేశారు?"

"నేనేనండయ్యా. చానా అరిగిపోయుంటే బాగు చేశా."

ఆయన తలెత్తి నాలుగు స్తంభాలనూ చూశాడు.

"స్తంభాల మీద ఏమీ లేదు. ఉన్న సాక్ష్యం ఈ శిలే. పాత అక్షరం ఒక్కటీ మిగల్లేదు పెద్దాయనా, ఎప్పటిదని రాయను?"

"రాయి అదేనండయ్యా. పైపైన తీశానంతే."

ఆఫీసరు లేచి జీపు వైపు నడిచాడు. మామ చేతులు జోడించుకుని దుమ్ములో కొంతదూరం వెంట పోయాడు.

ఊరు ఖాళీ చేసేటప్పుడు, శిలనైనా బండి మీద వేసుకుందామని నా భర్త అడిగాడు.

"చంపిందీ నేనే, మోసేదీ నేనేనంట్రా?" అన్నాడు మామ.

మాచర్ల దగ్గర మాకు ఇళ్ల స్థలాలు చూపించారు. తిండికి మామ ఆనకట్ట పనికే పోయాడు. రాయి చదును చేసి ఇవ్వడమే అక్కడి పని. నీళ్లు నిలవడం మొదలయ్యాక, మా పాత ఊరి వైపు నుంచి వచ్చిన ప్రతి మనిషినీ ఎందాకా వచ్చాయని అడిగేవాడు. మండపం కప్పు ఒక్కటే ఇంకా నీళ్లపైన కనబడుతోందని ఒకాయన చెప్పాడు. ఆ తర్వాత మామ ఎవరినీ అడగలేదు.