ఇన్నోవేషన్ మేనేజరు చేతిలో కత్తెర

మొన్నీమధ్య మా ఫ్యాక్టరీలో నా పరువు ఎలా దొర్లుకుంటూ పోయిందో చెప్తా, టీ తాగుతూ వినండి!

మాది అమలాపురం దగ్గర కొబ్బరిపొడి ఫ్యాక్టరీ. కంపెనీది జర్మనీ. అక్కణ్ణుంచి ఒకటే మెయిళ్లు: "మీ యూనిట్ నుంచి కొత్త ఐడియా ఏది?" ఇన్నోవేషన్ మేనేజర్‌ని నేనే. ఐడియా బాక్సు పెట్టి మూడు నెలలైంది. తెరిస్తే ఒక్కటే చీటీ: "క్యాంటీన్ టీలో అల్లం వెయ్యండి."

ఇంతలో హెడ్డాఫీసు ఇంజినీరు క్లారా గారు వస్తున్నారన్నారు. ఆవిడకి ఏమీ చూపించలేకపోతే నా పోస్టు ఎత్తేస్తారట!

ఆ పొద్దున్న అంతా శుభ్రం చేయిస్తున్నాను. కొబ్బరికాయలు వెళ్లే బెల్టు మలుపులో పైనుంచి పాత సైకిల్ ట్యూబు ముక్కలు వేలాడుతున్నాయి. ఛీ, ఇదేం అవతారం! ఎవర్నీ అడగలేదు. కత్తెర తెచ్చి కత్తిరించి చెత్తబుట్టలో పడేశాను.

పదింటికి క్లారా గారొచ్చారు. బెల్టు ఆన్ చేశాం. మలుపు దగ్గరికి రాగానే మొదటి కాయ ఎగిరి ఆవిడ బూటు మీద పడింది. రెండోది వెల్‌కమ్ బ్యానర్‌కి తగిలింది. మూడోది నావైపే వస్తోంది!

"ఆపండి! ఆపండి!"

బెల్టు దగ్గర పనిచేసే మార్తమ్మగారు పరుగున వచ్చేరు.

"ఇక్కడ ట్యూబు ముక్కలు ఎవరు తీసేసేరండీ?"

"నేనేనండీ..."

"ఆయ్! కాయ ఎగరకుండా నేనే కట్టేనండి. ఓ మాట అడగాల్సిందండి."

ఆవిడ చెత్తబుట్టలోంచి ముక్కలు ఏరి మళ్లీ కట్టేరు. కాయలు బుద్ధిగా దొర్లుకుంటూ పోయాయి! క్లారా గారు అక్కడే నేలమీద కూర్చుండిపోయి, ముక్కలు ఒకటి పొడుగూ ఒకటి పొట్టీ ఎందుకని అడిగారు. ఆ ప్రశ్న నేను మార్తమ్మగారికి తెలుగులో చెప్పాను.

"కాయలన్నీ ఒక్క సైజుండవు కదండీ. పొడుగువి చిన్నకాయని ఆపుతాయి, పొట్టివి పెద్దకాయని," అన్నారు మార్తమ్మగారు.

నాకూ అప్పుడే తెలిసింది! ఉండబట్టలేక అడిగాను: "మరి బాక్సులో రాసి వెయ్యలేదేంటండీ?"

"ఫారం ఇంగ్లీషులో ఉందండి. అయినా పనైపోయాక ఇంకా రాయడమెందుకండీ?"

క్లారా గారు టేపు పెట్టి ప్రతి ముక్కా కొలుచుకున్నారు. నిన్న మెయిల్ వచ్చింది. అన్ని దేశాల ఫ్యాక్టరీల్లోనూ ఇలాగే కడతారట, మార్తమ్మగారి పేరు మీద! వివరాలు నింపమని ఫారం పంపేరు. చివర్న ఒక ప్రశ్న: "ఇందులో ఇన్నోవేషన్ మేనేజర్ పాత్ర ఏమిటి?"

అరగంట ఆలోచించి రాశాను: "ఫీల్డ్ టెస్టింగ్. తీసేస్తే ఏమవుతుందో స్వయంగా నిరూపించారు."