పార్కింగ్ లాట్‌లో వంటావార్పు

కొత్తగా ఉద్యోగంలో చేరి అమెరికాలో నోవై అనే ఊళ్ళో అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న ఆ రోజుల్లో నాకు రెండే కాలాలుండేవి: బాస్కెట్‌బాల్ ఉన్న కాలం, లేని కాలం. ఆడటం ఏనాడూ రాలేదు (ఎమ్మెస్ చదివేటప్పుడు ఒక్కసారి బంతి పట్టబోతే ముక్కు మీద పడి కళ్ళజోడు విరిగింది). చూడటంలో మాత్రం నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. అలాంటి నా నెత్తిన ఆ ఏడు పిడుగు పడింది. ఆదాయం పంపకం దగ్గర జట్ల యజమానులకీ ఆటగాళ్ళకీ చెడింది. ఒప్పందం కుదిరేదాకా ఆటలు లేవన్నారు. ఆఫీసులో కోడ్ రాస్తూ మధ్యమధ్యలో చర్చల వార్తలు చూసుకోవడం, ఇంటికొచ్చి ఇద్దర్నీ కలిపి తిట్టడం, ఇదే నా పని.

ఆ తిట్లు వినేవాడు నా రూమ్మేటు. ప్రతిదానికీ "స్టేటస్ పోతుందిరా" అని వణికేవాడు కాబట్టి అతన్ని వీసాబాబు అనేవాళ్ళం. ఆ అక్టోబరులో వాళ్ళ నాన్నగారు మా దగ్గర ఉండటానికి వచ్చారు. విజయనగరం వైపు ఒక జూట్ మిల్లులో ముప్ఫై ఏళ్ళు యూనియన్ నడిపి రిటైరైన మనిషి. ఇక్కడ చలికి బయటికి వెళ్ళలేక, టీవీలో ఏం చెప్తున్నారో తెలియక విసిగిపోయి ఉన్నారు. ఒకరోజు నా గోల విని, "ఏంటి బాబూ, సమ్మెనా?" అన్నారు.

"సమ్మె కాదంకుల్, లాకౌట్. ఓనర్లే ఆపేశారు."

సోఫాలో జారగిలబడ్డ మనిషి నిటారుగా లేచి కూర్చున్నారు. "లాకౌటా! మరి ఇన్నాళ్ళూ చెప్పవేం?"

ఆ రోజు నుంచి నాచేత వార్తలన్నీ చదివించుకుని అర్థం చెప్పించుకునేవారు. "ఒక్కొక్కడికీ కోట్లొస్తాయి, వీళ్ళు కార్మికులేంటంకుల్?" అంటే, "గేటుకి తాళం వేసినవాడు యజమాని, బయట నిలబడ్డవాడు కార్మికుడు. అంతే" అనేవారు. "మరి నేనెవర్ని?" అన్నాను. కాస్త ఆలోచించి, "నువ్వు ప్రజానీకం. ఇబ్బంది నీది. కానీ ఏం చేస్తున్నావు? ఇంట్లో కూచుని తిడుతున్నావు" అన్నారు. నాకు రోషం వచ్చింది. ఆ రోషంలోనే ఆయన చెప్పినదానికల్లా తలూపాను. మా జట్టు ఆడాల్సిన మొదటి శనివారం స్టేడియం ముందు వంటావార్పు, అంటే పొయ్యి పెట్టి అక్కడే వండుకు తింటూ నిరసన తెలపడం.

"నాన్నా, ఇది ఇండియా కాదు. డిపోర్ట్ చేసేస్తారు!" అన్నాడు వీసాబాబు.

"ఉప్మా వండినందుకా?" అన్నారు ఆయన.

శనివారం మధ్యాహ్నం కనుచూపు మేరా ఖాళీగా ఉన్న పార్కింగ్ లాట్‌లో దిగాం. వీసాబాబు ఇంజను ఆపకుండా స్టీరింగ్ పట్టుకునే కూర్చున్నాడు (పారిపోవడానికి వీలుగా). అంకుల్ మంకీ క్యాప్ పెట్టుకుని క్యాంపు స్టవ్ వెలిగించి రవ్వ వేయించారు. నేను 'ఆట మొదలుపెట్టండి' అని ఇంగ్లిష్‌లో రాసిన అట్టముక్క పట్టుకున్నాను. చూసేవాడు ఒక్కడు లేడు. "లాకౌట్!" అని ఆయన గర్జిస్తే "ఎత్తెయ్యాలి" అని నేను అందుకోవాలి. నా గొంతు పిల్లికూతలా వచ్చింది.

అంతలో పసుపు లైటు తిప్పుకుంటూ సెక్యూరిటీ కారు వచ్చి ఆగింది. నా హెచ్‌వన్ వీసా కాగితాలన్నీ కళ్ళ ముందు ఎగిరాయి. అట్టముక్క వీపు వెనక్కి పోయింది. భారీ మనిషి ఒకాయన దిగి, మా స్టవ్వు వైపు చూసి, ఎంతో జాలిగా, "సారీ గైస్, నో గేమ్ టుడే" అన్నాడు.

"ఏమంటాడు?" అన్నారు అంకుల్.

"మ్యాచ్ ముందు ఇక్కడ వండుకు తినడం వీళ్ళకి అలవాటంకుల్. మనమూ పిక్నిక్‌కి వచ్చామనుకుంటున్నాడు. ఆటల్లేవని పాపం మనకి తెలీదట."

ముప్ఫై ఏళ్ళ పోరాటంలో అంతటి అవమానం ఆయనకి జరిగుండదు. గరిటెతో ఉప్మా ఒకసారి అడుగంటా కలిపారు. తర్వాత మెల్లగా, "ఆటల్లేకపోతే ఇతని డ్యూటీ ఏమైందో అడుగు" అన్నారు. అడిగాను. వారానికి రెండే రోజులు మిగిలాయట. లోపల పాప్‌కార్న్ అమ్మేవాళ్ళకి, పార్కింగ్ చూసేవాళ్ళకి అవీ లేవట. అన్ని నెలలు అన్ని వార్తలు చదివిన నాకు, ఇలాంటి మనిషి ఒకడుంటాడని ఒక్కసారీ తట్టలేదు.

అంకుల్ ఉన్నవాటిలో పెద్ద పేపర్ ప్లేటు తీసి, నిండా ఉప్మా పెట్టి అతని చేతికిచ్చారు. అతను నిలబడే తిని, వాళ్ళ అమ్మమ్మ చేసే మొక్కజొన్న రవ్వ జావలా ఉందన్నాడు, కాకపోతే కారమని కళ్ళు తుడుచుకుని మళ్ళీ ప్లేటు చాపాడు. అప్పుడు వీసాబాబు ఇంజను ఆపి, కారు దిగి, "నాకూ కొంచెం పెట్టండి నాన్నా" అన్నాడు.

కొన్ని వారాలకే ఒప్పందం కుదిరింది. అది మా వంటావార్పు దెబ్బేనని అంకుల్ ఇండియాకి ఫోన్లు చేసి మరీ చెప్పుకున్నారు. మొదటి మ్యాచ్ నా పక్కన కూర్చుని పది నిమిషాలు చూసి, "దీనికంటే చర్చలే బాగున్నాయి బాబూ" అని లేచి వెళ్ళిపోయారు.

ఇప్పుడు నాకు ఇంట్లో గోడంత టీవీ ఉంది, ఏ మ్యాచ్ కావాలంటే ఆ మ్యాచ్ వస్తుంది. సగం ఆట అయ్యేసరికి మా ఆవిడ వచ్చి టీవీ కట్టేస్తుంది. "చూస్తున్నాను" అంటాను కళ్ళు తెరవకుండానే. ఆట ఆపేశారని గడ్డకట్టే చలిలో గొంతు చించుకున్న ఆ కుర్రాడు, ఆట జరుగుతుండగా నిద్రపోతున్న ఈ పెద్దమనిషిని చూస్తే ఏమనేవాడో!