తలుపు వేసుకుని చేసిన ప్రార్థన

కంగ్టి వైపు ఒక ఊళ్లో, ఇంట్లో జరుగుతున్న ప్రార్థనను కొందరు కుర్రాళ్లు ఆపించారు. ఆ వీడియో నారాయణఖేడ్‌లో అందరి ఫోన్లలోకీ వచ్చిన వారమే ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన మా ఇంటి వంతు. ఒక్కో శుక్రవారం ఒక్కో ఇల్లు. ఈసారికి వద్దని చెప్పమని అత్తమ్మను అడిగాను. నా బిడ్డ ఇంకా బడికి కూడా పోవడం లేదు. ఎవరైనా వచ్చి తలుపు బాదితే దాన్ని ఎక్కడ దాచాలన్నదే నా ఆలోచన.

"వంతు వచ్చినంక వద్దంటే ఎట్ల?" అంది అత్తమ్మ.

పాస్టరయ్య మధ్యేమార్గం చెప్పాడు. డప్పు వద్దు, పాటలు మెల్లగా, తలుపు వేసుకోవాలి. "అధికారులకు లోబడాలె, కొట్లాటకు పోవద్దు. అది గూడ బైబిల్ వాక్యమే."

ప్రార్థనకు వచ్చిన ఆడవాళ్లు అలవాటుగా చెప్పులు బయటే విడిచారు. ఆ వరస చూస్తే లోపల ఎంతమంది ఉన్నారో వీధికంతా తెలుస్తుంది. అన్నీ టబ్బులో వేసి లోపలికి తెచ్చాను.

"చెప్పులు ఇంట్లకు తెచ్చినవా? ఇగ పొయ్యి మీద గూడ వెట్టు," అంది అత్తమ్మ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ బయట పెట్టలేదు.

తర్వాత అత్తమ్మ ప్రార్థన చేసింది. "ప్రభువా, గా పిల్లగాండ్లకు నౌకరీలియ్యి. పనిలేక మా ఇండ్ల పొంటి తిరుగుతుండ్రు. వాళ్ల అవ్వలు ఎంత పరేషాన్ ఉన్నరో."

అందరూ ఆమెన్ అన్నారు. డిగ్రీలో రాజ్యాంగం చదివినదాన్ని. ఆ కుర్రాళ్ల మీద కేసు పెట్టాలని నా కోరిక. పాస్టరయ్యకు ఓర్పు కావాలి. వాళ్లకు ఉద్యోగాలు రావాలని అత్తమ్మ కోరిక. అడుగుతున్నది మాత్రం ఒకే దేవుణ్ణి.

వెళ్లేటప్పుడు పాస్టరయ్య ఆగాడు. వచ్చే వారం వంతున్న ఇంటివాళ్లు భయపడుతున్నారట. మళ్లీ ఇక్కడే పెట్టుకోవచ్చా అని అడిగాడు.

"పసిబిడ్డ తల్లి ఆమె. ఆమెనే అడుగుండ్రి," అంది అత్తమ్మ.

యేసును సిలువ వేశాక ఆయన శిష్యులు కూడా భయంతో తలుపులు మూసుకునే కూర్చున్నారు. ఆయన లోపలికి వచ్చాడు గానీ, ఎందుకు మూశారని గద్దించలేదు. చిన్నప్పటి నుంచి వింటున్న సంగతే. ఆ తలుపుల గురించి మాత్రం ఆలోచించింది అప్పుడే.

"పెట్టుకుందాం పాస్టరయ్యా. కాని తలుపు ఏసే ఉంటది," అన్నాను.

"ఉండనియ్యమ్మా," అన్నాడు.

ఆ శుక్రవారం ఇంకా రాలేదు. ఇది రాస్తుంటే వీధిలో ఏదో బండి ఆగింది. అది కదిలి వెళ్లేదాకా నా చేయి బిడ్డ మీదే ఉంది.