రెండు నాడెలు ఒకే రంగైన మధ్యాహ్నం

దేవుణ్ణి నమ్మే మనిషిని నేను. పొద్దున జోగులాంబ తల్లికి దీపం పెట్టనిదే మగ్గంలోకి దిగను. కానీ దయ్యాలు, గాలి సోకడాలు, కలలో కనపడి చెప్పడాలు ఏనాడూ నమ్మలేదు. తల్లి ఉండగా వాటితో మనకేం పని అనుకునేదాన్ని. మా వీధిలో ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే పని ఉందని లేచి వచ్చేసేదాన్ని. అందుకే ఇది రాయడానికి చాలా రోజులు వెనకాడాను.

నేను బడికి పోలేదు. మా నాన్న మగ్గం పక్కన కూర్చోబెట్టుకుని పలక మీద అక్షరాలు దిద్దించాడు. అక్షరాల కంటే ముందు రంగులు నేర్పాడు. ఒకే రంగు రెండుసార్లు అద్దితే వచ్చే చిన్న తేడాను కూడా పదేళ్లకే పట్టేదాన్ని. గొప్పకు చెప్పడం లేదు. తర్వాత జరిగింది అర్థం కావాలంటే ఈ సంగతి తెలియాలి.

మాది గద్వాల. నేను, మా అత్త ఒకే మగ్గం మీద చీరలు నేస్తాం. మా చీరకు పోగును అటూ ఇటూ తోసే నాడెలు మూడు కావాలి. చీర ఒంటికి ఒకటి, రెండు అంచులకు రెండు. ఒంటి పోగు, అంచు పోగు కలిసే చోట ఒకదాన్నొకటి మెలివేస్తూ పోతాం. ఒంటి నాడె, ఎడమ అంచు నాడె నావి. కుడి అంచు అత్తది. ఎంత ఏమరుపాటుగా ఉన్నా ఒంటి నాడె బదులు అంచు నాడె తొయ్యం. ఒకటి ఒక రంగు, ఇంకొకటి ఇంకో రంగు కదా.

నా చెల్లెలు సుజాతను ధరూర్ దగ్గరి పల్లెకు ఇచ్చాం. పోయిన వానాకాలం ఆమెకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులకే ఊపిరితిత్తులకు నిమ్ము చేరింది. గద్వాల దవాఖానలో ఆక్సిజన్ పెట్టి, చాలక హైదరాబాద్ పంపించారు. అక్కడ వెంటిలేటర్ కూడా చాలలేదు. చివరికి కృత్రిమ ఊపిరితిత్తి మిషన్ మీద పెట్టారు. ఆమె భర్త, మా మరిది నర్సింహులు ఆమె దగ్గర ఉన్నాడు. వాళ్ల ఇద్దరు పిల్లలు నా దగ్గర ఉన్నారు.

మిషన్ పెట్టిన రెండో రోజు నేను పోయి చూసి వచ్చాను. మంచం పక్కన ఒక పెట్టె ఉంది. తొడ దగ్గరి నరం నుంచి ఒక లావు గొట్టం రక్తాన్ని పెట్టెలోకి లాగుతోంది. ఆ రక్తం నేరేడు పండు రంగు. లోపల ప్రాణవాయువు కలుపుకుని, మెడ దగ్గరి గొట్టంలోంచి మళ్లీ ఒంట్లోకి పోతోంది. అది కుంకుమ రంగు. ఒంటి బయట ఊపిరి నడుస్తుంటే కళ్లారా చూశాను. గుడిలో నిలబడ్డట్టు చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

అక్కడి డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. “ఒంట్లోకి పోయే రక్తం ఎర్రగా ఉన్నంతవరకు మిషన్ పనిచేస్తున్నట్టేనమ్మా. అది నల్లబడితే మేం పరుగెత్తుకొస్తాం.” ఎరుపు మంచిది, నలుపు చెడ్డది. నాకు తెలిసిందల్లా అంతే.

ఆరో రోజు పొద్దున నర్సింహులు ఫోన్ చేసి ఆక్సిజన్ తొంభై మూడు ఉందన్నాడు. పిల్లలకు ఆ మాట చెప్పి అన్నం పెట్టాను. మధ్యాహ్నం మగ్గంలో కూర్చున్నాం. అప్పుడు నేస్తున్నది నేరేడు రంగు ఒంటికి కుంకుమ అంచు ఉన్న పట్టుచీర.

ఎంతసేపు నేశానో తెలియదు. చేతివాటంగా తన అంచు నేస్తున్న అత్త అప్పుడే తేరిపార చూసి, నా చేయి పట్టుకుని ఆపింది.

“ఏందే గిట్ల ఏస్తున్నవ్? అంచు నాడె ఒంట్ల తోస్తున్నవ్!”

వంగి చూశాను. నాకేమీ తప్పు కనపడలేదు. “రెండు నాడెలు ఒక్క తీరే ఉన్నయి గదత్తా.”

“ఒక్క తీరా? గది నేరేడు, గిది కుంకుమ. గింత మంచిగ కనవడ్తుంటె! కండ్లు యాడ వెట్టొచ్చినవే? జర మొకం కడుక్కో పో.” అత్త నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. నాడెల్లోంచి పోగు చుట్టిన కండెలు రెండూ తీసి గడపలోకి, ఎండలోకి తెచ్చాను. రెండూ కుంకుమే. తలుపు పచ్చగానే ఉంది. అత్త చీర పసుపుగానే ఉంది. ఆ ఒక్క నేరేడు మాత్రం నా కళ్లకు కుంకుమైపోయింది.

అప్పుడు చెల్లెలి గొట్టాలు మనసులోకి వచ్చాయి. డాక్టరమ్మ మాట ప్రకారమైతే రెండూ ఎర్రగా ఉంటే నేను సంతోషించాలి. కానీ ఇది మంచి ఎరుపు కాదు అని ఎందుకనిపించిందో ఇప్పటికీ చెప్పలేను. వెంటనే ఫోన్ చేశాను. మూడూ పదికి చేసినట్టు ఫోన్‌లో ఉంది.

“నర్సింహులూ, సిస్టర్ను పిలిచి సుజాత గొట్టాలు రెండు ఒక్కటే రంగయినయా చూడమను.”

“ఏమైంది వదినె? పొద్దుగాల మంచిగనే ఉందన్నరు గద. ఊకె అడిగితె తిడ్తరు వాళ్లు.”

“తిడితె తిట్టనీ. మా వదినె చెప్పింది అను. జల్ది పో.”

“నువ్వు డాక్టర్‌వా వదినె, నీ పేరు చెప్పనీకె?” అంటూనే లేచాడు. చెప్పుల చప్పుడు వినిపించింది. ఫోన్ పెట్టేశాడు.

తర్వాతి సంగతి అతను చెప్పిందే. తలుపు కొడితే నర్సు చిరాకుగా వచ్చింది. ఆక్సిజన్ పడిపోతోంది, డాక్టర్లు లోపలే ఉన్నారు, ఇప్పుడు అడ్డం రావొద్దు అంది. నర్సింహులు తల దించుకుని నా మాట చెప్పేశాడు. ఆమె ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసి లోపలికి పరుగెత్తింది. కాసేపటికి స్కానింగ్ మిషన్ తోసుకుంటూ ఇద్దరు లోపలికి పోయారు.

నేను గడపలోనే కూర్చున్నాను. అత్త వచ్చి నా వీపు మీద చేయి వేసింది. పిల్లలకు మాత్రం ఏమీ చెప్పలేదు. నాలుగుకు ఫోన్ మోగింది. “వదినె, పెరిగింది. తొంభైకి వచ్చింది” అని నర్సింహులు ఏడ్చాడు. ఒళ్లో కండెలు చూసుకున్నాను. ఒకటి కుంకుమ, ఒకటి నేరేడు.

సాయంత్రం డాక్టరమ్మ అతనికి వివరంగా చెప్పిందట. పక్కకు తిప్పి పడుకోబెట్టాక లోపల గొట్టాల కొసలు దగ్గరయ్యాయి. మిషన్ ఇచ్చిన మంచి రక్తాన్ని తొడ దగ్గరి గొట్టం మళ్లీ మిషన్‌లోకే లాగేస్తోంది. అందుకే రెండూ ఎరుపు. మిషన్ బాగా తిరుగుతోంది, ఒంటికి మాత్రం అందడం లేదు. ఆక్సిజన్ తగ్గిందని వేగం పెంచితే ఇంకా తగ్గింది. విషయం తెలిశాక వేగం తగ్గించి, స్కానింగ్‌లో చూస్తూ గొట్టాన్ని కొంచెం వెనక్కి లాగారు. “మేమూ కనుక్కునేవాళ్లమే, కానీ ఇంకొంత సేపు పట్టేది. ఆ కొంతసేపు మెదడుకు మంచిది కాదు. మీ వదినె నర్సా?” అని అడిగిందట.

మరునాడు నేను తప్పు నేసింది విప్పాం. రెండు వేళ్ల మందం వచ్చింది. అంత నేయడానికి మాకు పావుగంట పైనే పడుతుంది. సుజాత ఆక్సిజన్ పడటం మొదలై నర్సింహులు తలుపు కొట్టేసరికి అంతే అయిందని నర్సు చెప్పింది.

వనపర్తి పోయి కళ్లు చూపించుకున్నాను. ఏ లోపమూ లేదన్నారు. గొట్టాలు ముందే చూసి ఉన్నాను కాబట్టి దిగులుతో అలా కనపడిందేమో అని కూడా ఆలోచించాను. కానీ దిగులైతే నలుపు కనపడాలి. నేను భయపడుతున్నది నలుపుకే.

చివరికి నాలో నేనే ఒక సమాధానం చెప్పుకున్నాను. ఆ వేళ చెల్లెలే నన్ను పిలిచి ఉంటుంది, రక్తసంబంధం కదా అని. ఆ తృప్తితోనే ఉన్నాను.

నెల దాటాక సుజాత ఇంటికి వచ్చింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది, అయినా నోరు మాత్రం పాత నోరే. ఒకనాడు పిల్లలకు తల దువ్వుతుంటే అడిగాను.

“ఆ దినం నన్ను తలుసుకున్నవా సుజాతా?”

“నాకేం యాదిలేదక్కా. మందులిచ్చి పండవెట్టిన్రు. అయినా తలుసుకుంటె నా పిల్లలను తలుసుకుంట గని, నిన్నెందుకు తలుసుకుంట? దినాం తిట్టేదానివి!”

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. నాకున్న ఆ ఒక్క సమాధానమూ పోయింది.

అంతా తల్లి దయ అంటుంది అత్త. నేనంత ధైర్యంగా అనలేను. ఆ మంచాల గదిలో ఇంకా ఎందరో ఉన్నారు. వాళ్ల అక్కలూ తల్లికి దీపాలు పెట్టే ఉంటారు. మరి నా కళ్లకే ఆ రంగు ఎందుకు చూపించినట్టు? డాక్టరమ్మకు, ఆ నర్సుకు, చీవాట్లు పడతాయని తెలిసీ తలుపు కొట్టిన నర్సింహులుకు దండం పెట్టుకున్నాను. ఇంకొకరికి కూడా పెట్టాల్సి ఉంది. అది ఎవరికో నాకు తెలియదు.