నడిబజారులో ఆడిన కల

1976. వరంగల్ స్టేషన్ రోడ్డులో ఒక అద్దె గది అరుగు మీద పంచాంగం పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ముహూర్తాలు, పేర్లు, జాతకాలు నా పని. కలలకు ఫలం చెప్పడమంటే మాత్రం మొదటి నుంచీ విసుగే. పాము కరిచిందనీ, పన్ను ఊడిందనీ మొహం కూడా సరిగ్గా కడుక్కోకుండా వచ్చేస్తారు. చెడ్డదంటే ఏడుస్తారు, మంచిదంటే నమ్మరు. పొద్దున్నే ఈ తద్దినమేమిటిరా అనిపించేది.

బతుకమ్మ పండుగ దగ్గర పడుతుండగా హసన్‌పర్తి అవతలి పల్లె నుంచి ఒక ముసలమ్మ కోడల్ని వెంటబెట్టుకుని వచ్చింది. కోడలి పేరు కొమురమ్మ. పాతికేళ్లు కూడా ఉండవు. మొగుడు పోయాడు. నాట్లకూ కలుపుకూ పోయి అత్తను ఆమే సాకుతోంది.

"పంతులూ, దీనికి రోజూ ఒక్కటే కల పడుతాంది. నడిబజార్ల, మంది సూడంగ ఆడుతాందట. మల్లన్న పిలుస్తాండు. దీన్ని శివసత్తిని చేస్తం, జర మంచి దినం జూడు" అంది అత్త.

శివసత్తి అంటే దేవుడికి అంకితమై, జాతరల్లో పూనకంతో ఆడే స్త్రీ. వాళ్ల వైపు ఒకసారి దేవుడికి ఇచ్చేస్తే ఇక మనువు మాటే ఉండదు. నాకు అనుమానం వచ్చింది.

"ఈ పిల్లను ఎవరన్నా అడిగిన్రా అవ్వా?"

"డోర్నకల్‌ల రైల్వే కూలి ఒకడు, పెండ్లాం సచ్చినోడు, మారుమనువుకు అడుగుతాండు. ఇది పోతే నన్నెవలు సూస్తరు పంతులూ? కొడుకును తీస్కపోయిన దేవుడు కోడలినన్న నాకు ఉంచొద్దా?"

ఆమెను తిట్టబుద్ధి కాలేదు. దేవుడు పిలుస్తున్నాడని నిజంగానే నమ్మింది పాపం. కోడలి వైపు తిరిగాను.

"నువ్వు చెప్పు బిడ్డా, కలల ఎట్ల ఆడుతున్నవు?"

"సప్పట్లు కొట్టుకుంట, వంగుకుంట, లేసుకుంట, అందరితోని గుండ్రంగ. నెత్తిల పూలున్నయి. బజారంత సూస్తాంది. నాకు సిగ్గైతలేదు పంతులూ. గదే భయమైతాంది."

అది పూనకం కాదు, బతుకమ్మ. వాళ్లింట్లో మొగుడు పోయిన ఆడది పూలు పెట్టుకోదు, బతుకమ్మ ఆడదు. కలలో నాట్యం చేస్తే దుఃఖం తప్పదని శాస్త్రం. ఆ పిల్లకు ఇంకా కొత్తగా దుఃఖమేం వస్తుంది? శాస్త్రాన్ని పక్కన పెట్టి ఉన్నమాట చెప్పాను.

"ఇది దేవుడి పిలుపు కాదవ్వా. పిల్లకు పూలు పెట్టుకోవాలనుంది, నలుగురిలో ఆడాలనుంది. డోర్నకల్ పంపు. నువ్వు కూడా వెంట పో. ఆ పిల్ల నిన్ను ఇడిసిపెట్టదు."

కొమురమ్మ అప్పుడు తలెత్తి చూసింది.

"నీకు దినం జూడ రాకపోతే రాదని చెప్పు" అంటూ ముసలమ్మ లేచింది. పక్క వీధిలో ఇంకెవరో ఆ రోజే దినం పెట్టారని తర్వాత తెలిసింది. ఒళ్లు మండింది. కావలసిన మాట చెప్పేవాడి కోసం తిరిగే వాళ్లకు ఎవడో ఒకడు దొరక్కపోతాడా?

కొన్నేళ్ల తర్వాత ఐనవోలు మల్లన్న జాతరకు వెళ్లాను. మొహం నిండా పసుపు, విరబోసిన జుట్టు, కాళ్లకు గజ్జెలతో ఒకామె జనం మధ్య ఆడుతోంది. డోలు ఆగాక నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చింది. కొమురమ్మ. అత్త నిరుడే పోయిందని చెప్పింది.

"ఇప్పుడు కలలు పడుతున్నయా బిడ్డా?"

"పడుతానయి పంతులూ. రైలు సప్పుడు ఇనబడే ఓ ఇంట్ల కూసొని బియ్యంల రాళ్లు ఏరుతాన. ఎవ్వలు నన్ను సూస్తలేరు. దానికి అర్థమేంది?"

అర్థం తెలియక అడిగిన మాట కాదది. అంతలో డోలు మొదలైంది, వెళ్లిపోయింది.

ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నది ఇంతే. కలకు అర్థం చెప్పడం పెద్ద విద్యేమీ కాదు. ఆ అర్థం ప్రకారం బతకనిచ్చే మనిషి ఇంట్లో లేకపోతే, ఎంత సరిగ్గా చెప్పినా చెప్పనట్టే.